ఫార్న్ దీవులకి వెళ్తే టోపీ మర్చిపోవద్దు

ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్ తీరంలో ఫార్న్ దీవులకి పక్షుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు కెమెరా మర్చిపోయినా పర్వాలేదు, టోపీ మాత్రం పెట్టుకెళ్లండి. ఎండకి కాదు, ఆర్కిటిక్ టెర్న్‌లనే సముద్రపక్షుల కోసం! ఎండాకాలంలో ఆ దీవుల్లో ఒకటైన ఇన్నర్ ఫార్న్‌లో అవి మనం నడిచే దారి పక్కనే గుడ్లు పెడతాయి, దగ్గరికి పోతే కీచుమని అరుస్తూ దూసుకొచ్చి ఎర్రటి ముక్కుతో మాడు మీద పొడుస్తాయి, ఒక్కోసారి రక్తం కూడా వస్తుంది. పల్చటి గుడ్డ టోపీ చాలదు, కాస్త గట్టిగా, అంచు ఉన్నదైతే రెట్ట కూడా మొహం మీద పడదు. చేతులు ఊపి తోలకండి, కింద చూసుకుంటూ నడవండి, కూనలు దారి మీదకే వచ్చేస్తాయి. ముక్కు నిండా సన్నచేపలు కరుచుకొచ్చే పఫిన్ పక్షులు కూడా కావాలంటే జూన్ మంచిది, ఆగస్టుకి దాదాపు ఖాళీ. పడవ తీరంలోని సీహౌసెస్ ఊరి నుంచి. గాలి ఎక్కువైతే ఆపేస్తారు కాబట్టి ఒకరోజు అదనంగా ఉంచుకోండి.