హై ఆల్టిట్యూడ్ బెలూన్ ఎగరేయాలంటే అనుమతికి దరఖాస్తు ఎలా చేయాలి?

హామ్ (అభిరుచి రేడియో) లైసెన్స్ ఉంది, బెలూన్ ఎక్కడుందో రేడియోలో చెప్పే ట్రాకర్ సిద్ధం, గ్యాస్ సిలిండర్ కూడా మాట్లాడేశారు. ఇక వదలడమే తరువాయి అనుకుంటారు చాలామంది. కానీ హామ్ లైసెన్స్ ఇచ్చేది సిగ్నల్ పంపే హక్కు మాత్రమే, గాల్లోకి వస్తువును వదిలే హక్కు కాదు. మొదటిది రేడియో స్పెక్ట్రమ్‌ను చూసుకునే సంస్థ చేతిలో ఉంటుంది, రెండోది పౌర విమానయాన సంస్థ చేతిలో. ఒకరు సరే అన్నంత మాత్రాన రెండోవారు సరే అన్నట్టు కాదు. కాబట్టి ఫైళ్లు రెండు.

ఫారాలు, గడువులు దేశాన్ని బట్టి మారతాయి. వాటికి మూలంగా ఉండేవి మాత్రం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, మనుషులు లేని స్వేచ్ఛా బెలూన్ల కోసం రాసిన నియమాలు. కింద చెప్పేది ఎక్కువగా వాటి ఆధారంగానే. దరఖాస్తు పెట్టేముందు మీ దేశపు నిబంధనలతో ఒకసారి సరిచూసుకోండి.

రేడియో ఫైలు

ఇది చిన్న పనే. మీ లైసెన్స్ షరతుల్లో గాల్లోంచి ప్రసారం చేయవచ్చో లేదో ముందు చదవండి. బ్రిటన్‌లో చాలా ఏళ్లు అది నిషేధం. అందుకే అక్కడి బెలూన్ అభిమానులు లైసెన్స్ అక్కర్లేని 434 మెగాహెర్ట్జ్ బ్యాండులో 10 మిల్లీవాట్లతో నెట్టుకొచ్చారు. అంత తక్కువ పవర్ ఎలా సరిపోయిందంటే, 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూపుమేర 600 కిలోమీటర్లు దాటుతుంది. అడ్డం ఏమీ ఉండదు కదా.

ఏపీఆర్ఎస్, అంటే స్థానాన్ని ప్యాకెట్లనే చిన్న రేడియో సందేశాలుగా పంపే హామ్ పద్ధతి, వాడితే ఉత్తర అమెరికాలో 144.390, యూరప్‌లో చాలాచోట్ల 144.800 మెగాహెర్ట్జ్. లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్, తప్పనిసరి. ప్యాకెట్లు నిమిషానికి ఒకటి చాలు. అంత ఎత్తు నుంచి ఐదు సెకన్లకొకటి పంపితే వందల కిలోమీటర్ల మేర ఛానల్ జామ్ అయిపోతుంది, మిగతా హామ్‌ల చేత తిట్లు తినాల్సి వస్తుంది. మొబైల్ ఫోన్‌ను ట్రాకర్‌గా పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. పైకి వెళ్లాక సిగ్నల్ దొరకదు, కొన్ని దేశాల్లో గాల్లో సెల్‌ఫోన్ వాడటమే నేరం.

మీ బెలూన్ ఏ తరగతి?

విమానయాన ఫైలులో మొదటి ప్రశ్న ఇదే. మిగతా షరతులన్నీ దీన్నిబట్టే ఉంటాయి. పేలోడ్, అంటే బెలూన్ మోసుకెళ్లే సామాను, మొత్తం 4 కిలోల లోపు ఉంటే తేలిక తరగతి. రెండు లేదా అంతకన్నా ఎక్కువ పెట్టెలు కలిపి 4 నుంచి 6 కిలోల లోపు ఉంటే మధ్యస్థం. 6 కిలోలు, ఆపైన భారీ.

బరువు తూచేసి 'తేలిక' గడిలో టిక్ పెట్టేయకండి. మొత్తం బరువు ఎంత తక్కువైనా, ఒక్క పెట్టె 3 కిలోలు తాకితే అది భారీ తరగతే. 2 కిలోలు, ఆపైన ఉన్న పెట్టె గట్టిగా, చిన్నగా ఉన్నా అంతే. దాని బరువును గ్రాముల్లో తీసుకుని, అన్నిటికన్నా చిన్న ముఖం వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 13 గ్రాములు మించకూడదు. చివరిది తాడు. 230 న్యూటన్ల బలం, అంటే సుమారు 23 కిలోల బరువు పడినా తెగని తాడుతో పేలోడ్ కడితే, మీది కిలో పెట్టె అయినా భారీ కిందికే వస్తుంది. మన బుద్ధి గట్టి తాడు కొనమంటుంది, నియమం తెగే తాడు కట్టమంటుంది. విమానం తగిలితే పెట్టె వేలాడుతూ ఉండిపోకుండా తాడు తెగిపోవాలన్నది అసలు ఉద్దేశం. కాబట్టి కొన్న తాడు మీద ఎంత బలం దగ్గర తెగుతుందో రాసి ఉందా చూసి, ఆ అంకెను దరఖాస్తులో పెట్టండి.

ఫారం నింపడం

మధ్యస్థ, భారీ తరగతులకు ఐకావో నియమం ప్రకారం కనీసం 7 రోజుల ముందు ఎయిర్ ట్రాఫిక్ విభాగానికి (ఏటీసీ) తెలియజేయాలి. అమెరికాలో నియమాల పరిధిలోకి వచ్చే బెలూన్లకు ఈ కబురు ఎగరేసే ముందు 6 నుంచి 24 గంటల మధ్య ఇవ్వాలి. అడిగే వివరాలు దాదాపు ఒకటే: ప్రాజెక్టు పేరు, బెలూన్ వర్ణన, బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు, వదిలే చోటు, సమయం, ఎన్ని బెలూన్లు, ఎటువైపు పైకి వెళ్తుంది, 18,000 మీటర్లు ఎప్పుడు, ఎక్కడ దాటుతుంది, ఎప్పుడు, ఎక్కడ దిగుతుంది.

ఇవన్నీ ఊహించి రాసేవి కావు, లెక్క తేల్చేవి. మామూలు లేటెక్స్ (రబ్బరు) బెలూన్ సెకనుకు 5 మీటర్ల చొప్పున లేస్తుందనుకుంటే 18,000 మీటర్లకు సరిగ్గా గంట, 30,000 మీటర్ల దగ్గర పగలడానికి గంటా నలభై నిమిషాలు. ఎటు పోతుందన్నది గాలి చేతిలో ఉంది. సాండ్‌హబ్ ప్రిడిక్టర్ అనే వెబ్‌సైట్‌లో వదిలే చోటు, లేచే వేగం, పగిలే ఎత్తు, పారాచూట్‌తో దిగే వేగం ఇస్తే మ్యాప్ మీద గీత గీసి చూపిస్తుంది.

చిక్కేమిటంటే ఫారం వారం ముందే అడుగుతుంది, గాలి అంచనా మాత్రం రెండు మూడు రోజుల ముందు గానీ కుదురుకోదు. అందుకని దిగే చోటును ఒక్క చుక్కగా రాయకండి. వారం పొడవునా రోజుకోసారి ప్రిడిక్షన్ నడిపి, వచ్చిన చుక్కలన్నీ పట్టేలా ఒక ప్రాంతం గీసి ఇవ్వండి. ఎగరేసే తేదీతో పాటు ఒకటి రెండు ప్రత్యామ్నాయ తేదీలు కూడా ఇవ్వండి.

సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, రాయాలి. నేను మొదటిసారి లోకల్ టైమ్ రాసి పంపితే, ఫోన్ చేసి అడిగే దాకా నాకు తట్టనే లేదు. దూరం నాటికల్ మైళ్లలో, ఎత్తు అడుగుల్లో ఇస్తే ఏటీసీ వాళ్లకు పని సులువు. వాళ్లు ఈ వివరాలతోనే నోటామ్ అనే నోటీసు జారీ చేసి పైలట్లను హెచ్చరిస్తారు.

ట్రాకింగ్ ఎలా చేస్తారని అడిగితే జీపీఎస్ మాడ్యూల్ పేరు చెప్పి ఊరుకోకండి. కొన్ని మాడ్యూళ్లు 18,000 మీటర్ల పైన పొజిషన్ ఇవ్వడం ఆపేస్తాయి. యూబ్లాక్స్ కంపెనీ మాడ్యూళ్ల లాంటివాటిలో, గాల్లో ఎగిరేవాటి కోసం ఉన్న ఎయిర్‌బోర్న్ మోడ్ ఆన్ చేయాలి. ఆ సంగతి కూడా రాయండి.

ఎగరేసే రోజు

అనుమతి వచ్చింది కదా అని ఫోన్ పక్కన పెట్టేయకూడదు. వదిలిన వెంటనే అసలు సమయం ఏటీసీకి చెప్పాలి. దిగడం మొదలయ్యే గంట ముందు ప్రస్తుత స్థానం, ఎత్తు, నేలకు తాకే సమయం, చోటు చెప్పాలి. లేటెక్స్ బెలూన్ మొత్తం ప్రయాణమే రెండున్నర గంటలు కాబట్టి ఈ కాల్ మీరు లాంచ్ హడావుడిలో ఉండగానే వచ్చిపడుతుంది. ఫోన్ పనికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టుకోండి. గాలి బాగోలేక రద్దు చేసుకుంటే అదీ వెంటనే చెప్పాలి. ఆ ఒక్క కాల్ మానేస్తే, లేని బెలూన్ కోసం పైలట్లు కళ్లు చించుకుని చూస్తుంటారు.

పికో బెలూన్లయితే

పదిహేను, ఇరవై గ్రాముల ట్రాకర్‌తో వారాల తరబడి తేలుతూ ప్రపంచాన్ని చుట్టి వచ్చే పికో బెలూన్లకు ఇంకో ముడి ఉంది. అచ్చంగా వాతావరణ పరిశీలనకే వాడే తేలిక బెలూన్లను మినహాయిస్తే, మరో దేశం మీదుగా పంపాలంటే ఆ దేశం అనుమతి కావాలని ఐకావో నియమం. 2023 ఫిబ్రవరిలో ఉత్తర అమెరికా గగనతలంలో గుర్తు తెలియని వస్తువులను యుద్ధవిమానాలతో కూల్చినప్పుడు, వాటిలో ఒకటి అప్పుడే అలాస్కా దగ్గర జాడ తెలియకుండా పోయిన ఒక హామ్ క్లబ్ పికో బెలూన్ అయి ఉండవచ్చన్న అనుమానం గట్టిగా వచ్చింది. కాబట్టి పికో పంపేవాళ్లు ప్రిడిక్షన్ గీత ఏయే దేశాల మీదుగా పోతోందో జాబితా రాసుకుని, హామ్ ప్రసారాలు నిషిద్ధమైన చోట్ల ట్రాన్స్‌మిటర్ దానంతటదే ఆగేలా ట్రాకర్‌లోని ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్)లో సరిహద్దులు పెట్టి, ఆ విషయం దరఖాస్తుతో పాటు జతచేయాలి.