అనిపించినదాన్ని ఫోటోలోకి తేవడం ఎలా

చార్మినార్ ముందు నిలబడి తీసిన ఫోటోలో ఫోకస్ కుదిరి, వెలుగు సరిపోయి, నాలుగు మినార్లూ నిటారుగా వచ్చినా, ఇంటికి వెళ్లి చూసుకున్నప్పుడు ఆ క్షణంలో తమకు కలిగినదేదీ అందులో లేదని తెలిసి చాలామంది ఇంకా ఖరీదైన లెన్సు కోసం వెతకడం మొదలుపెడతారు. లోపం లెన్సులో ఉండదు. ఆ ఫోటో కట్టడం ఎలా ఉందో చెప్పింది, దాన్ని చూస్తున్న మనిషికి ఏమైందో చెప్పలేదు. ఈ రెండో పని చేసేదాన్నే భావవ్యక్తీకరణ ఫోటోగ్రఫీ అంటున్నాం. తన చిత్రాల బలమంతా ఎదుట ఉన్న మనుషులదేనన్న విమర్శకు జవాబుగా అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922 నుంచి ఏళ్ల తరబడి మేఘాలను తీస్తూ పోయాడు. మేఘాలు ఎవరికైనా దొరుకుతాయి, వాటిని చూసే స్థితి మాత్రం ఎవరిది వారిదే అని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని హైదరాబాద్ వీధిలో ఎలా ఆచరణలో పెట్టవచ్చో ఇక్కడ చెప్తాను.

మొదట ఒక్క చోటును ఎంచుకోండి, అది మీరు వారానికి ఒకసారైనా సులువుగా వెళ్లగలిగిన చోటై ఉండాలి. ఒకే ఆదివారం గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, హుస్సేన్‌సాగర్ అన్నీ చుట్టి వచ్చేవారికి మూడు వందల ఫోటోలు మిగులుతాయి, వాటిలో ఏ ఒక్కటీ మరొకరు తీయలేనిది కాదు. నేను ఎంచుకున్నది చార్మినార్ నుంచి పడమరకు సాగే గాజుల వీధి, లాడ్ బజార్. వీధి పడమరకు సాగుతుంది కాబట్టి సాయంకాలపు ఎండ నడిచేవారికి ఎదురుగా వస్తుంది, మనుషులు నల్లని ఆకారాలవుతారు, గాజుల అంచులు మాత్రం మెరుస్తాయి. ఉదయం అదే ఎండ వీపు మీద పడుతుంది, అప్పుడు మూసి ఉన్న షట్టర్ల రంగులు తప్ప పెద్దగా చెప్పుకోదగినది ఉండదు. ఏ గంటకు ఏ గోడ మీద ఎండ పడుతుందో, ఏ నెలలో ఎంత పక్కకు జరుగుతుందో నోటుపుస్తకంలో రాసుకోవడం నేర్చుకునేవారు చేయవలసిన మొదటి పని అని నా అభిప్రాయం, ఇది కెమెరా లేకుండానే చేయవచ్చు.

రెండో పని, మీట నొక్కడానికి ముందు మీకు ఏమనిపిస్తోందో ఒక్క మాటలో రాసుకోవడం. ‘బాగుంది’, ‘అందంగా ఉంది’ అన్న మాటలు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే వాటిని బట్టి ఎక్కడ నిలబడాలో, ఏది వదిలేయాలో నిర్ణయించుకోలేం. ‘ఓర్పు’, ‘ఉక్కపోత’, ‘తొందర’ వంటి మాటలను బట్టి నిర్ణయించుకోగలం.

లాడ్ బజార్ వెనుక సందులో లక్క గాజులు చేసే చిన్న కార్ఖానా ఒకటి ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు గుమ్మంలో నిలబడి గదినంతా తీశాను. ట్యూబ్‌లైటు, గోడ మీది క్యాలెండరు, ప్లాస్టిక్ సంచులు, కెమెరా వైపు చూసి మర్యాదగా నవ్వుతున్న పెద్దాయన, అన్నీ ఒకే బలంతో ఫ్రేములోకి వచ్చాయి. మూడోసారి వెళ్లేసరికి ఆయనకు నా రాక అలవాటై, పలకరించి పనిలో పడ్డారు. బొగ్గుల కుంపటి మీద మెత్తబడిన లక్కను కర్రతో దొర్లించి సన్నని కడ్డీగా సాగదీసి, చల్లారకముందే గుండ్రంగా వంచి, ఆ వేడి మీదే మెరిసే రాళ్లను ఒక్కొక్కటిగా వేలితో అదుముతున్నారు. నోటుపుస్తకంలో ‘ఓర్పు’ అని రాసుకున్నాను. ఆ మాట పెట్టుకుని చూస్తే గది అవసరం లేదు, ముఖం కూడా అవసరం లేదు. ఆయన బొటనవేలి చివర గోరు పక్కన కమిలి గట్టిపడిన చర్మం, దానికి అంటుకున్న ఆవగింజంత రాయి, వెనుక మసకగా నిప్పు, ఇంతే చాలు. నేల మీద కూర్చుని, 50 మిల్లీమీటర్ల లెన్సుతో రెండడుగుల దూరం నుంచి, గుమ్మం వెలుగు వేళ్ల మీదకు పక్కగా పడేలా చూసుకుని, వెలుగు లోపలికి వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, ఎఫ్ 2.8కి, వెలుగును రానిచ్చే సమయాన్ని, అంటే షట్టర్ వేగాన్ని, 1/60 సెకనుకు పెట్టుకుని, సెన్సర్ సున్నితత్వాన్ని చెప్పే ఐఎస్‌ఓను ఆటోకు వదిలాను.

అయినా మొదటి ఫోటో చెడింది, కారణం ఎక్స్‌పోజర్, అంటే ఫోటో ఎంత వెలుగుగా రావాలన్న లెక్క. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఎదుట ఉన్నది నలుపో తెలుపో తనంతట తాను తెలుసుకోలేదు, దేన్నైనా సగటు బూడిద రంగుకు తెస్తుంది. చీకటి గదిని చూపిస్తే దాన్ని వెలిగిస్తుంది, సున్నం వేసిన తెల్లగోడను చూపిస్తే మాసినట్టు చేస్తుంది. నా ఫోటోలో గదంతా వెలిగిపోయి, నిప్పులోని ఎరుపు పాలిపోయింది. మీటరు లెక్కను సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను దాదాపు ఒకటింపావు స్టాపు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) తగ్గించాక చీకటి చీకటిగా నిలిచి, వేలి మీది వెలుగు ఒంటరిదైంది. ఫోన్‌తో తీసేవారు ముఖ్యమైన చోట తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ స్థిరపడతాయి. ఆ తర్వాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి లాగితే ఇదే ఫలితం వస్తుంది. ఎంత చీకటి ఉండాలన్నది కెమెరాకు వదిలేయకూడని నిర్ణయం. ఈ ఒక్క విషయం ఒంటబట్టడానికి ఒక నెల పట్టినా ఆ నెల వృథా కాదు.

షట్టర్ వేగం కూడా మాటను బట్టే మారాలి. చార్మినార్‌కు దగ్గరలోని గుల్జార్ హౌజ్ కూడలిలో ‘తొందర’ను తీయాలనుకుంటే 1/500 సెకనుతో ఆటోలన్నీ ఆగిపోయినట్టు వస్తాయి, అక్కడున్న తొందర మాయమవుతుంది. 1/15 సెకనుకు తగ్గించి, కదిలే సైకిలుతోపాటే కెమెరాను తిప్పితే మనిషి కొంత స్పష్టంగా, వెనుక వీధి గీతలుగా వస్తుంది. అలా కాక కెమెరాను అరుగు మీద కదలకుండా ఆనించి 1/4 సెకను పెడితే, గుంపు పొగలా కరిగి, కదలకుండా నిలబడి బేరం చేస్తున్న ఒక్క మనిషి మిగులుతాడు, ఇది ‘ఏకాంతం’ అన్న మాటకు దగ్గరైన ఫోటో. పది తీస్తే ఒకటి కుదురుతుంది, నిరాశపడవద్దు. వెలుగు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలక పగటి వెలుగుకు స్థిరంగా పెట్టుకుంటే నిప్పు, బల్బుల పసుపుదనం పోకుండా ఉంటుంది. వీలున్నవారు కెమెరా సరిదిద్దని ముడి రూపంలో, అంటే రా (RAW) ఫైలుగా తీసుకోవాలి.

మనుషులను తీసేటప్పుడు అడగడం మర్యాద మాత్రమే కాదు, ఫోటో నాణ్యతకు సంబంధించిన విషయం కూడా. ‘ఫోటో లూ క్యా, చాచా?’ అని అడిగి, వద్దంటే కెమెరాను సంచిలో పెట్టి ఒక టీ తాగి రావాలి. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో ఇదే నగరంలో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎదుటి మనిషి నిశ్చింతగా కూర్చోనిదే ఫోటోలో అసలు ముఖం కనిపించదని ఆయనకు తెలుసు అనుకుంటాను. తీసిన ఫోటో ఒక కాపీ వారికి తీసుకెళ్లి ఇవ్వండి, నాకు కార్ఖానాలో నేల మీద చోటు దొరికింది అలాగే.

ఇక ఏరుకోవడం. తీసిన రోజే ఏరవద్దు, ఆ రోజు పడిన శ్రమ, ఎండ, అక్కడి మాటలు ఫోటోకు లేని విలువను కట్టబెడతాయి. వారం ఆగి, ఇరవైనాలుగు ఫోటోలను ఫోటో ల్యాబులో 4 × 6 అంగుళాల ప్రింట్లుగా వేయించి నేల మీద పరచండి. ఇంట్లోవారిని పిలిచి, మీరు రాసుకున్న మాట చెప్పకుండా, ఏమనిపిస్తోందని మాత్రం అడగండి. మా అమ్మ ఆ వేలి ఫోటో చూసి ‘కాలింది కాబోలు, అయినా తీయలేదు చేయి’ అంది. ‘ఓర్పు’ అన్న మాట ఆమె నోట రాకపోయినా ఫోటో తన పని చేసిందని తెలిసింది. మిగిలిన ఇరవైమూడింటిలో ఇరవై పక్కన పెట్టేశాను. కంప్యూటరులో చేయవలసింది కొంచెమే: అంచులను కాస్త చీకటి చేయడం, చూపు నిలవాల్సిన చోటును కాస్త వెలిగించడం, రంగులు పెంచాలన్న కోరికను అణచుకోవడం.

ఇతరులు ఏరుకున్నవి చూడటం కూడా చదువే. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఫోటో ప్రదర్శనలు జరిగినప్పుడు నాలుగడుగుల దూరం నుంచి ఒక్కో ప్రింటు ముందు రెండు నిమిషాలు నిలబడి, అంచుల్లో ఏమి వదిలేశారో గమనించండి. క్రమబద్ధంగా చదవాలనుకునేవారికి మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ కోర్సు ఉంది.

నిలుపుకున్న ప్రతి ప్రింటు వెనుక పెన్సిలుతో తేదీ, గంట, షట్టర్ వేగం, అపర్చర్ రాసి, వాటి కింద మీరు పెట్టుకున్న మాటను, దాని పక్కన చూసినవారు అన్న మాటను రాయండి. వచ్చే వారం అదే వీధికి వెళ్లేటప్పుడు ఆ ప్రింట్లు కెమెరా సంచిలో ఉండాలి.