ట్రైనింగ్ ఇచ్చాం, క్లాసులో మాత్రం అదే పాత పాఠం: చిన్న ప్రైవేటు స్కూళ్లకు సమస్య - పరిష్కారం

పదిహేను మంది టీచర్లున్న స్కూల్లో ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు నాకు ఎదురైనవే ఇవన్నీ.

సమస్య: "సెషన్ చాలా బాగుంది సార్" అన్నారు. ఆగస్టుకి ఆనవాలు కూడా లేదు.

కారణం: జూన్‌లో వచ్చిన వక్త ఉత్సాహం గురించి మాట్లాడి, గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోయారు. మూడో తరగతి టీచర్‌ గొడవ వేరు. 52లోంచి 27 తీసేయమంటే సగం మంది పిల్లలు 35 అని రాస్తున్నారు.

పరిష్కారం: వారానికి 40 నిమిషాలు, ఒకే విషయం. ప్రతి టీచరూ మూడు నోటు పుస్తకాలు తెస్తారు. ఏ తప్పు పదేపదే వస్తోందో అందరూ కలిసి చూస్తారు. పై 35నే తీసుకోండి. పిల్లలు ఏడులోంచి రెండు తీసేశారు, అంటే ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్నదే తీయాలనుకుంటున్నారు. దీనికి మళ్లీ పది లెక్కలు ఇస్తే ఆ తప్పే పదిసార్లు చేస్తారు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పించి, అందులోంచి ఏడు తీయించాలి. వచ్చే వారం మళ్లీ అవే పుస్తకాలు తెరిచి చూడాలి. చాలా స్కూళ్లు వదిలేసేది ఇదే.

సమస్య: మీటింగ్ అనగానే ముఖాలు మాడిపోతాయి.

కారణం: స్కూలు వదిలాక పెడుతున్నారు. బస్సు వెళ్లిపోతుంది, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఉన్న లీజర్ పీరియడ్ కాస్తా సబ్‌స్టిట్యూషన్‌కే పోయింది.

పరిష్కారం: శనివారం చివరి పీరియడ్ టైమ్‌టేబుల్లోనే రాసేయండి. పిల్లలు గ్రౌండ్‌లో, పీఈటీ, ఇంకొకరు కాపలా.

సమస్య: ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఫైల్ నిండా ఉన్నాయి, నేర్చుకున్నది కనిపించదు.

కారణం: వీడియో సౌండ్ తీసేసి, పక్కన నోట్స్ దిద్దుకుంటున్నారు. తప్పు వాళ్లదే అనలేను.

పరిష్కారం: 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటుంది. ఏడాదికి మన శనివారాలు 30 అయితే, 40 నిమిషాల చొప్పున 20 గంటలు వచ్చేశాయి. మిగతాదానికి టీచర్ల కోర్సులుండే కేంద్ర ప్రభుత్వ దీక్ష పోర్టల్ ఉచితమే. కోర్సు చేసినవాళ్లు అందులో ఒక్క పద్ధతిని మీటింగ్‌లో పావుగంట చేసి చూపించాలి.

సమస్య: ట్రైనింగ్ తీసుకున్న టీచర్ మధ్యలో మానేశారు.

కారణం: జీతం, పెళ్లి, డీఎస్సీ. వీటిని ట్రైనింగ్‌తో ఆపలేం.

పరిష్కారం: శనివారం తేలిన విషయాలు ఒక రిజిస్టర్‌లో రాయించండి, కొత్తవాళ్లకు అదే మొదటి పాఠం. మానేయకుండా టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టుకోవడం మాత్రం పరిష్కారం కాదు, బెదిరింపు.

సమస్య: ప్రిన్సిపాల్ క్లాసుకొస్తే టీచర్‌కి టెన్షన్.

కారణం: పేరెంట్ ఫిర్యాదు చేసిన రోజే వస్తారు కాబట్టి.

పరిష్కారం: ముందు మీరే పాఠం చెప్పండి, టీచర్లను వెనక బెంచీల్లో కూర్చోబెట్టి. నేను ఐదో తరగతికి భిన్నాలు చెబితే బెల్ కొట్టేసరికి సగమే అయింది, వెనక నవ్వులు. ఆ తర్వాతే ఇద్దరు తమ క్లాసుకు పిలిచారు. వెళ్లాక రెండే గమనించండి: ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతున్నారు, వెనక బెంచీ పిల్లలకు వంతు వస్తోందా లేదా. చెప్పాల్సింది ఆ రోజే స్టాఫ్ రూమ్ బయట నిలబడి చెప్పండి, కరస్పాండెంట్ గదికి పిలిపించకుండా.