పాత పింగాణీ మీద తెల్లటి పొడి: తుడిచే ముందు తిరగేసి చూడండి

"గిన్నె మీద తెల్లగా ఏదో వచ్చిందండీ. తడిగుడ్డతో తుడిస్తే పోయింది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది." పాత చైనా, థాయ్, వియత్నాం పింగాణీ పోగుచేసేవాళ్ల నుంచి నేను ఎక్కువగా వినే మాట ఇదే. వాళ్లు పంపే ఫోటోల్లో నీలిరంగు పువ్వులు, డ్రాగన్లు, అంచు మీద గీతలు అన్నీ బాగా కనిపిస్తాయి. అడుగు మాత్రం ఒక్క ఫోటోలోనూ ఉండదు. జవాబు దాదాపు ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

అందుకే లక్షణం ఏదైనా ముందు ఈ పని చేయండి. బల్ల మీద మెత్తటి తువ్వాలు పరిచి వస్తువును బోర్లించండి. అడుగున పూత (గాజులా మెరిసే పై పొర) లేని వలయం కనిపిస్తుంది. గదిలో లైటు ఆపేసి, ఫోన్ టార్చిని పక్కనుంచి వాల్చి పట్టుకుని, ఆ వలయాన్ని భూతద్దంతో చుట్టూ చూడండి. పొడి ఉందా, మరక ఉందా, ఎక్కడైనా కొత్తగా అరగదీసినట్టు ఉందా? తర్వాత గిన్నెను నిలబెట్టి టార్చిని లోపల పెట్టండి. పలచటి పింగాణీలోంచి వెలుతురు బయటికి వస్తుంది. నెర్రె ఉంటే నల్లటి గీతలా, అతుకు ఉంటే మసక మచ్చలా కనిపిస్తుంది. మొత్తం ఐదు నిమిషాల పని. ఈ ఐదు నిమిషాలు చూడక పాడైన వస్తువులు నా కళ్లముందు చాలా ఉన్నాయి.

తడితే మోగడం లేదు

గిన్నెను అరచేతిలో పెట్టుకుని అంచు మీద గోటితో తట్టండి. మంచి పింగాణీ గంటలా మోగుతుంది. మొద్దు శబ్దం వస్తే వెంట్రుకంత నెర్రె ఉండాలి, లేదా పాత అతుకు ఉండాలి. టార్చితో ఎక్కడుందో తెలిసిపోతుంది. మందపాటి స్టోన్‌వేర్ (వెలుతురు చొరని ముతక రకం) మాత్రం బాగున్నా అంతగా మోగదు, దానికి టెన్షన్ పడొద్దు.

నెర్రె పెరగకుండా ఉంటే అలాగే వదిలేయండి. సూపర్ గ్లూ పోయొద్దు. అది నెర్రెలోకి పోయి పసుపుబారుతుంది, తర్వాత మంచి పనివాడు చేతిలోకి తీసుకున్నా దాన్ని తీయడం కష్టం. పాతకాలంలో పగిలిన ముక్కలకు సన్న రంధ్రాలు వేసి లోహపు కొక్కేలతో కుట్టేవారు. అవి గట్టిగా ఉంటే పీకొద్దు. అవీ ఆ వస్తువు చరిత్రే.

ఒకచోట మాత్రం పసుపుగా, జిడ్డుగా ఉంది

అది పాత మరమ్మతు మీద వేసిన రంగు. కొన్నప్పుడు తెల్లగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారుతుంది. నోట్లు చూసే అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే ఆ భాగం చుట్టూ ఉన్న పూతకంటే వేరుగా మెరుస్తుంది. బుగ్గకు ఆనిస్తే పింగాణీ చల్లగా ఉంటుంది, రంగు వేసిన చోటు అంత చల్లగా ఉండదు. ఆ రంగును మీరే గీకి తీయొద్దు. కింద అసలు పింగాణీ ఎంత భాగం ఊడిపోయిందో తెలియకుండా మొదలుపెడితే మధ్యలో ఆపలేరు.

నెర్రె వెంట గోధుమరంగు గీత

టీ, నూనె, పొగ, దుమ్ము నెర్రెలోకి దిగాయి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. బట్టలకు వాడే బ్లీచింగ్ లిక్విడ్ తీసుకుని నానబెడతారు. రెండు రోజుల్లో గీత మాయం. చాలా బాగుంటుంది. ఏం జరుగుతుందో కింద చెబుతాను.

చేయాల్సింది ఇది. ముందు వస్తువును డిస్టిల్డ్ వాటర్‌లో తడపండి. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూదిని ముంచి గీత మీద పరచండి. ఆరిపోకుండా పైన పలచటి ప్లాస్టిక్ కప్పి కొన్ని గంటలు ఉంచండి. ఒక్కసారితో పోకపోతే మళ్లీ చేయండి. చివర్లో డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి కడగండి. బంగారు గీతలు, పూత పైన అద్దిన రంగులు, పాత జిగురు అతుకు ఉన్నవాటికి ఇది పనికిరాదు.

తెల్లటి పొడి, ఆ తర్వాత పూత లేవడం

నా చేతిలో పాడైన వస్తువు గురించి ఇక్కడ చెప్పాలి. థాయ్‌లాండ్‌లోని సి సచ్చనలై బట్టీల్లో కాలిన చిన్న సెలడాన్ (ఆకుపచ్చ పూత వేసిన రకం) పళ్లెం. 15వ శతాబ్దం నాటిది, లేత ఆకుపచ్చ. పూత నిండా సాలెగూడు లాంటి సన్న పగుళ్లు, వాటి నిండా గోధుమరంగు మరక. నాకు అమ్మినాయన బ్లీచింగ్ లిక్విడ్‌తోనే కడగమన్నాడు, అలాగే చేశాను. మరక పోయింది. పళ్లెం ఎంత అందంగా కనిపించిందంటే, వచ్చిన వాళ్లందరికీ చూపించాను. ఆ వానాకాలం తర్వాత అడుగు వలయం మీద బూజులా తెల్లగా వచ్చింది. తడిగుడ్డతో తుడిచాను. పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచాను. వేసవికి పూత అప్పడంలా పొంగి, పెచ్చులుగా రాలింది. ఐదు వందల ఏళ్లు నిలిచిన పూత నా దగ్గరికొచ్చిన ఏడాదిలో రాలిపోయింది.

ఆ పొడి ఉప్పు. బ్లీచింగ్ లిక్విడ్ తన పని చేశాక మట్టిలో ఉప్పును వదిలివెళ్తుంది. నీళ్లతో రెండుసార్లు కడిగితే పైదే పోతుంది, లోపలిది పోదు.

అది ఎలా పాడుచేస్తుందో మన వంటింట్లోనే చూడొచ్చు. వానాకాలంలో రాళ్ల ఉప్పు డబ్బాలో నీరు కారుతుంది, ఎండ రాగానే గడ్డకడుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు కరుగుతుంది, తగ్గితే మళ్లీ స్ఫటికంగా మారుతుంది. పింగాణీ మట్టిలోని సన్నటి సందుల్లోనూ ఇదే జరుగుతుంది. స్ఫటికం పెరగడానికి చోటు కావాలి. పూత లేని అడుగు వలయం దగ్గర బయటికి వచ్చి పొడిగా కనిపిస్తుంది. అందుకే అక్కడ ముందు చూడమన్నది. పూత ఉన్నచోట బయటికి దారి లేక పూతనే పైకి నెడుతుంది. పాత ఊరగాయ జాడీ పక్కల ఉప్పు పూయడం, చవుడు పట్టిన గోడకు సున్నం రాలడం, అన్నీ ఒకటే.

తడిగుడ్డతో తుడిస్తే పొడి పోయినట్టు అనిపిస్తుంది. పోలేదు, కరిగి లోపలికి వెళ్లింది. ప్రతిసారీ తుడవడం అంటే మరో విడత నీరు, మరో విడత స్ఫటికం. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గదిలో పెట్టినా తేమ ఇలాగే పైకీ కిందికీ ఊగుతుంటుంది.

బ్లీచ్ వాడకపోయినా ఉప్పు ఉండొచ్చు. సముద్రం నుంచి తీసిన సరుకులో మరీ ఎక్కువ. 1752లో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్ సరుకును 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. 1822లో మునిగిన చైనా ఓడ టెక్ సింగ్ నుంచి తీసిన సుమారు మూడున్నర లక్షల వస్తువులు 2000లో జర్మనీలో వేలానికి వచ్చాయి. 1817లో చైనాలోని కాంటన్ నుంచి మద్రాసుకు వస్తూ మలక్కా దగ్గర మునిగిన డయానా ఓడ సరుకు 1995లో అమ్ముడైంది. మన తీరానికి చేరాల్సిన ఆ గిన్నెలు ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. వాటిలో గట్టిగా కాలిన మంచి పింగాణీ ఉప్పును పెద్దగా పీల్చదు. ముతక మట్టి, పూత పగిలినవి, నెర్రె ఉన్నవి పీల్చుకుంటాయి. తీసినవాళ్లు మంచినీళ్లలో ఎంతకాలం నానబెట్టారో మీకు తెలియదు. కొనేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: ఇది నీళ్లలోంచి వచ్చిందా? దీన్ని దేనితో కడిగారు?

ఆ పొడి ఉప్పేనా అని తేల్చుకోవడానికి పొడి బ్రష్‌తో నల్ల కాగితం మీదికి కొంచెం దులపండి. చుక్క డిస్టిల్డ్ వాటర్ వేయండి. పూర్తిగా కరిగితే ఉప్పు. కరగకపోతే, మరోసారి దులిపిన పొడి మీద వెనిగర్ చుక్క వేయండి. నురగొస్తే అది సున్నం, సముద్రపు గవ్వల తాలూకు. వేలితో రాస్తే జిడ్డుగా సాగితే బూజు. వెనిగర్ కాగితం మీది పొడికే, వస్తువుకు తాకనివ్వొద్దు.

ఉప్పే అయితే నానబెట్టి తీయాలి. అంతకంటే ముందు నాలుగు చూడండి: పూత ఎక్కడైనా లేచిందా, జిగురు అతుకులున్నాయా, బంగారం లేదా పూత పైన రంగులున్నాయా, లోహపు కొక్కేలున్నాయా. వీటిలో ఒక్కటి ఉన్నా నీళ్లలో పెట్టకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పాటు ఉంచి, మ్యూజియం పని తెలిసిన కన్జర్వేటర్‌కు (పాత వస్తువులను కాపాడే నిపుణుడికి) చూపించండి. అడుగున వేలం చీటీ అంటించి ఉంటే ఫోటో తీసి, జాగ్రత్తగా ఊడదీసి కవర్లో దాచండి. ఆ వస్తువు ఎక్కడిదో చెప్పే సాక్ష్యం అదే.

ఏమీ లేకపోతే ప్లాస్టిక్ టబ్బులో మెత్తటి గుడ్డ వేసి, వస్తువు మునిగేంత డిస్టిల్డ్ వాటర్ పోయండి. పెట్రోలు బంకుల్లో అమ్మే బ్యాటరీ వాటర్ కూడా పనికొస్తుంది, కానీ డీమినరలైజ్డ్ అని ఉన్నదే కొనండి, యాసిడ్ కలిపింది కాదు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు, వాటిలోనే ఉప్పు ఉంటుంది. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు చూసుకునే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) ఉంది కదా, దాన్ని ఇక్కడ వాడండి. పోసేముందు నీళ్ల రీడింగ్ రాసుకోండి. రోజు తర్వాత మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగిందంటే అంత ఉప్పు బయటికి వచ్చింది. నీళ్లు పారబోసి అంతే కొలతలో కొత్తవి పోయండి. మొదటివారం రోజూ, తర్వాత రెండు మూడు రోజులకోసారి మార్చండి. మార్చకుండా వదిలేస్తే నీళ్లు పాచిపడతాయి.

ఎప్పుడు ఆపాలి? నీళ్లు మార్చి మూడు రోజులైనా రీడింగ్ పోసినప్పటి అంకె దగ్గరే నిలిస్తే ఆపండి. చిన్న గిన్నెకు కొన్ని వారాలు పట్టొచ్చు, మందపాటి జాడీకి నెలలు. తొందరపడి సగంలో ఆపితే మొదటికే వస్తుంది. తర్వాత నీడలో, జల్లెడ లాంటి దాని మీద పెట్టి, వారాల తరబడి నెమ్మదిగా ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ వద్దు. వానాకాలం నుంచి వేసవి దాకా ఒక చుట్టు అడుగును గమనించండి. పొడి రాకపోతే అప్పుడు అల్మారాలో పెట్టండి.

మిగతావి

అంచు వెంట పురుగు కొరికినట్టు చిన్న చిన్న పూత ముక్కలు ఊడిపోయి ఉంటే అది ఉప్పు పని కాదు. మింగ్ రాజుల చివరి రోజుల (17వ శతాబ్దం మొదటి సగం) చైనా పింగాణీలో పూత, మట్టి ఒకే రీతిగా కుదించుకోక బట్టీలోనే అలా వచ్చింది. జపాన్‌వాళ్లు దాన్ని ముషికుయి అంటారు, ఇష్టంగా కొంటారు. పూడ్చకండి.

కొత్త ప్లైవుడ్ అల్మారాలో ఘాటు వాసన ఉండి, అందులో పెట్టినవాటికే తెల్లటి స్ఫటికాలు వస్తే చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కారణం కావచ్చు. అరుదు. అల్మారా మార్చి వస్తువును కూడా నానబెట్టాలి, ఎందుకంటే లోపల ఉప్పు లేకపోతే ఆ ఆవిరి మాత్రమే ఇంత చేయదు.

స్ప్రింగు తీగతో గోడకు వేలాడదీసిన పళ్లేనికి అంచున పెచ్చులు, తుప్పు మరకలు వస్తే తీగ తీసేసి స్టాండు మీద పెట్టండి.

చైనా హాన్ రాజుల కాలపు (సుమారు రెండు వేల ఏళ్ల నాటి) ఆకుపచ్చ పూత మీద వెండిలా మెరిసే పొర కనిపిస్తే అది భూమిలో శతాబ్దాలు ఉండటం వల్ల పట్టింది. తుడవొద్దు, కడగొద్దు, నానబెట్టొద్దు.