బీపీ మాత్ర రాసిచ్చినా రీడింగు తగ్గడం లేదా? ముందు షీటు చూడండి

మందు మొదలుపెట్టి మూడు నెలలైనా ఇంట్లో పెద్దవారి బీపీ 160/100 దగ్గరే ఉంటే, మోతాదు పెంచమని డాక్టరును అడిగే ముందు మాత్రల షీటు లెక్కపెట్టాలి. నెల కిందట తెచ్చిన 30 మాత్రల్లో ఇంకా 11 మిగిలి ఉంటే, లోపం మందులో లేదు. "ఎందుకు వేసుకోలేదు?" అని గద్దిస్తే "రోజూ వేసుకుంటూనే ఉన్నాను" అనే జవాబే వస్తుంది, "ఈ వారంలో ఎన్నిసార్లు తప్పింది?" అని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

సమస్య: "నాకిప్పుడు బాగానే ఉంది" అని మానేశారు.
కారణం: తల తిరిగితేనే బీపీ ఉన్నట్టని నమ్మడం. చాలామందిలో అధిక రక్తపోటు ఏ లక్షణమూ చూపదు.
పరిష్కారం: మందుకు ముందు, తరువాత తీసిన రీడింగులను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూపించాలి, తగ్గింది మాత్ర వల్లనేనని చెప్పాలి.

సమస్య: మాత్ర పడటం లేదంటున్నారు.
ఈ మాటను సాకుగా కొట్టిపారేయడం మనం చేసే పెద్ద పొరపాటు. ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి సాయంత్రమయ్యేసరికి చెప్పులు బిగుసుకునేంతగా పాదాలు వాస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి కొందరికి వదలని పొడిదగ్గు తెప్పిస్తాయి. మూత్రం ఎక్కువగా వచ్చే మందును రాత్రి వేసుకుంటే నిద్ర ఉండదు. మూడింటికీ దారి ఉంది. వాపుకు మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. దగ్గుకు కారణమైన మందు బదులు సాధారణంగా టెల్మిసార్టాన్ వంటిది ఇస్తారు. మూడోదాన్ని ఉదయానికి మార్చుకోవచ్చేమో అడగాలి. అయితే సొంతంగా ఆపకూడదు; ముఖ్యంగా గుండెజబ్బు ఉన్నవారు అటెనొలాల్‌ను హఠాత్తుగా మానేస్తే ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు.

సమస్య: శనివారం ఒంటిపొద్దు కనుక మాత్ర లేదు.
టిఫిన్ తిననిదే మాత్ర వేసుకోకూడదనుకునేవారికి ఏడాదిలో 52 రోజులు ఇలాగే పోతాయి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ ఖాళీ కడుపుతోనూ వేసుకోవచ్చు. మిగతా మందుల సంగతి చీటీ రాసిన డాక్టరునే అడగాలి.

సమస్య: షీటు అయిపోయింది, మళ్లీ కొనలేదు.
చాలాసార్లు కారణం డబ్బే, కాకపోతే పైకి చెప్పరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మందులు ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణంలో అదే మందు జెనరిక్ పేరుతో చవకగా దొరుకుతుంది. షీటులో ఐదు మాత్రలు ఉండగానే తెచ్చిపెట్టాలి. నిన్నటి మాత్ర తప్పిపోతే ఈరోజుది మాత్రమే వేసుకోవాలి, రెండూ కలిపి కాదు.