గంతకు తగ్గ బొంత: పాత టోనార్మ్‌కు కార్ట్రిడ్జ్‌ను ఎలా జత చేయాలి?

రికార్డు తిరుగుతున్నప్పుడు స్పీకర్ ముందున్న జాలీ తీసి వూఫర్‌ను, అంటే బేస్ పలికే పెద్ద కోన్‌ను, ఒకసారి చూడండి. పాటలో బేస్ లేని చోట కూడా కోన్ మెల్లగా ముందుకూ వెనక్కీ ఊగుతోందా? కాస్త వంకరగా ఉన్న రికార్డు మీద ముల్లు ఎగిరి పడుతోందా? చాలాసార్లు తప్పు కార్ట్రిడ్జ్‌దీ (ముల్లు ఉండే చిన్న డబ్బా) కాదు, టోనార్మ్‌దీ (ఆ డబ్బాను మోసే చేయి) కాదు. ఆ రెండింటికీ జత కుదరలేదు, అంతే.

ముల్లును పట్టుకున్న సన్నని కడ్డీ, అంటే కాంటిలివర్, చిన్న రబ్బరు ముక్క మీద ఆని ఉంటుంది. ఆ రబ్బరే స్ప్రింగు. దాని మీద మోపిన బరువు టోనార్మ్. స్ప్రింగూ బరువూ కలిసిన చోట వాటికి సొంత ఊపు ఒకటి ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపు కనిపెట్టి తోస్తే కొద్ది బలానికే ఎంత ఎత్తుకు పోతుందో, ఇక్కడా అంతే. దీన్నే రెజొనెన్స్ అంటాం, పాఠ్యపుస్తకాల మాటలో అనునాదం. దీన్ని లేకుండా చేయలేం. హాని చేయని చోట కూర్చోబెట్టగలం. రికార్డు వంకరల కదలికలు ఎక్కువగా 6 హెర్ట్జ్‌లోపే ఉంటాయి. సంగీతం సుమారు 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. కాబట్టి మన గురి ఆ మధ్యలో, 8 నుంచి 12 హెర్ట్జ్.

1. లెక్కల కంటే ముందు ఆర్మ్ ఆరోగ్యం

కౌంటర్‌వెయిట్‌ను (ఆర్మ్ వెనక ఉండే తూకపు బరువు) జరిపి ఆర్మ్ గాల్లో సమంగా తేలేలా చేయండి. మెల్లగా ఊదితే ఎక్కడా పట్టేయకుండా కదలాలి. తర్వాత వెనక భాగం చూడండి. చాలా పాత ఆర్మ్‌లలో కౌంటర్‌వెయిట్‌కూ గొట్టానికీ మధ్య రబ్బరు ఉంటుంది. ఏళ్లు గడిచాక అది గట్టిపడుతుంది, లేదా మెత్తబడి బరువు కిందికి వాలిపోతుంది. నేను ఈ రబ్బరును పట్టించుకోక, రెండు నెలల పాటు ఏ పాపం ఎరగని కార్ట్రిడ్జ్‌ను తిట్టుకున్నాను.

2. అంకెలు పోగేయండి

కావలసినవి మూడు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్ బరువు (స్క్రూలతో కలిపి), కార్ట్రిడ్జ్ కంప్లయన్స్. ఎఫెక్టివ్ మాస్ అంటే త్రాసు మీద తూచే బరువు కాదు, ముల్లు దగ్గర తెలిసే బరువు. ఇరుసుకు దగ్గరగా ఉన్న కౌంటర్‌వెయిట్ దీనికి తక్కువే కలుపుతుంది. కార్ట్రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్ ఆర్మ్ కొసన ఉంటుంది కాబట్టి దాని బరువు దాదాపు మొత్తం లెక్కలోకి వస్తుంది.

కంప్లయన్స్ అంటే ఆ రబ్బరు ఎంత మెత్తన అన్నది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. జపాన్ కంపెనీలు చాలావరకు దీన్ని 100 హెర్ట్జ్ వద్ద కొలిచి రాస్తాయి. మనకు కావలసింది 10 హెర్ట్జ్ వద్ద. అందుకే ఆ అంకెను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలి. ఇది గట్టి సూత్రం కాదు, ఉజ్జాయింపు.

3. లెక్క వేయండి

ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్, స్క్రూలు కలిపిన మొత్తం బరువును (గ్రాముల్లో) కంప్లయన్స్‌తో గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగించండి. వచ్చేది హెర్ట్జ్.

టెక్నిక్స్ ఎస్ఎల్-1200ఎంకే2 టర్న్‌టేబుల్ ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ 12 గ్రాములు. దానికి ఆర్టోఫాన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ బిగిద్దాం. కార్ట్రిడ్జ్ 7.2 గ్రాములు, స్క్రూలు 0.8 అనుకుంటే మొత్తం 20. కంప్లయన్స్ కూడా 20. గుణిస్తే 400, వర్గమూలం 20, ఫలితం సుమారు 8 హెర్ట్జ్. గట్టు మీద నిలబడినట్టే గానీ ఫర్వాలేదు. అదే ఆర్మ్‌లో డెనాన్ డీఎల్-103 చూద్దాం. బరువు 8.5 గ్రాములు, కంప్లయన్స్ 100 హెర్ట్జ్ వద్ద 5, రెట్టింపు చేస్తే 10. ఒక గ్రాము స్క్రూలతో మొత్తం 21.5. సుమారు 10.8 హెర్ట్జ్, చక్కగా సరిపోయింది. ఇప్పుడు దాన్నే 5 గ్రాముల తేలిక ఆర్మ్‌లో పెడితే 13 దాటుతుంది. కంప్లయన్స్ 30 ఉన్న మెత్తని కార్ట్రిడ్జ్‌ను బరువైన ఆర్మ్‌కు బిగిస్తే 7 కంటే కిందికి, వంకరల ఇలాకాలోకే పోతుంది.

4. కాగితం మీది అంకెను నమ్మకండి, కొలవండి

పాత సరుకుకు నా దృష్టిలో ఇదే అసలు మెట్టు. పాత కార్ట్రిడ్జ్ రబ్బరు గట్టిపడి ఉంటే కంప్లయన్స్ తగ్గిపోయి ఉంటుంది. ఆర్మ్‌కు ఎవరో హెడ్‌షెల్ మార్చి ఉండొచ్చు. రెజొనెన్స్ ట్రాక్‌లున్న టెస్ట్ రికార్డు వేస్తే ఒకానొక హెర్ట్జ్ దగ్గర కార్ట్రిడ్జ్ వణకడం కంటికే కనిపిస్తుంది. ఆ అంకె రాసుకోండి. తర్వాత హెడ్‌షెల్ మీద తూచిన చిన్న బరువు అంటించి, ఆర్మ్‌ను మళ్లీ బ్యాలెన్స్ చేసి, ట్రాకింగ్ ఫోర్స్ (ముల్లు రికార్డు మీద మోపే భారం) ముందున్నంతే పెట్టి, ఇంకోసారి కొలవండి.

మొదట 10 హెర్ట్జ్ వచ్చి, 5 గ్రాములు పెట్టాక 9 వచ్చిందనుకోండి. 10ని 9తో భాగించి వర్గం చేస్తే 1.235. అందులోంచి 1 తీస్తే 0.235. 5ను దానితో భాగిస్తే సుమారు 21 గ్రాములు. ఇదీ మీ ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిపిన బరువు. కంప్లయన్స్ ఎంతో తెలియకుండానే దొరికింది! అర హెర్ట్జ్ తప్పు చూసినా ఫలితం బాగా మారిపోతుంది, అందుకే రెండు మూడు సార్లు కొలవండి.

5. సరిచేయడం

ఊపు 12 దాటితే బరువు పెంచాలి. బరువైన హెడ్‌షెల్, ఇత్తడి స్క్రూలు, కార్ట్రిడ్జ్‌కూ హెడ్‌షెల్‌కూ మధ్య పలుచని లోహపు పలక, ఏదైనా సరే. కౌంటర్‌వెయిట్ ఆ బరువును తూచగలదో లేదో ముందే చూసుకోండి. పలక పెడితే ఆర్మ్ ఎత్తు కూడా మళ్లీ సరిచేయాలి. 8 కంటే తక్కువైతే తేలిక హెడ్‌షెల్, నైలాన్ లేదా అల్యూమినియం స్క్రూలు వాడొచ్చు. ఇక్కడ గ్రామో రెండు గ్రాములో తగ్గించడానికే తల ప్రాణం తోకకొస్తుంది. ఆ కష్టం కంటే, తక్కువ కంప్లయన్స్ ఉన్న వేరే కార్ట్రిడ్జ్ చూసుకోవడం మేలు.

6. డ్యాంపింగ్

కొన్ని ఆర్మ్‌లకు సిలికాన్ నూనె తొట్టి, అందులో మునిగే చిన్న తెడ్డు ఉంటాయి. ఇవి ఊపు ఏ హెర్ట్జ్ దగ్గర వస్తుందో పెద్దగా మార్చవు, ఊపు ఎత్తును మాత్రం అణచివేస్తాయి. షూర్ వీ15 టైప్ ఫైవ్ కార్ట్రిడ్జ్ ముందున్న బ్రష్ కూడా దుమ్ము తుడవడంతో పాటు ఈ పనీ చేస్తుంది. నూనె చుక్క చుక్కగా పెంచండి. మరీ ఎక్కువైతే వంకర రికార్డు మీద ఆర్మ్ వెంటనే లేవలేక ముల్లు మీద భారం పడుతుంది. ప్రతి చుక్కకూ టెస్ట్ రికార్డు వేసి, వణుకు తగ్గి వూఫర్ కుదుటపడగానే ఆపేయండి.