పెరటి పిట్టలకు శెనక్కాయలు పెట్టే ముందు

చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్లలో శెనక్కాయలకు కొదవ ఉండదు, పిట్టలకు పెట్టాలన్నా చేతికి ముందు అవే వస్తాయి. నూనె, మాంసకృత్తులు దండిగా ఉన్న మేత, పెట్టొచ్చు. చిక్కల్లా బూజుతోనే. ఖరీఫ్ కాయ పెరికే అక్టోబర్, నవంబర్‌లలోనే మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. కళ్లంలో తడిసిన కాయను సరిగా ఆరనీయకుండా మూటగడితే లోపల బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు, దాణాలోని శెనగచెక్కను పరీక్షిస్తే బయటపడింది ఈ విషమే. గింజలు వేయించినా ఇది పూర్తిగా పోదు.

అందుకే ఏరడానికి తీరిక చేసుకోండి. గింజలను తెల్లటి పళ్లెంలో పలచగా పరచి ముడతపడ్డవి, పురుగు తొలిచినవి, పచ్చటి లేదా నల్లటి పొడి అంటినవి తీసేయండి. అనుమానం ఉన్న గింజను రెండు బద్దలు చేసి చూడండి. పైకి నున్నగా ఉన్న గింజలోనూ బద్దల నడుమ బూడిదరంగు నూగు కనిపించవచ్చు. బాగా ఎండిన కాయ చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది, లోపలి గింజ వేళ్లతో నలిపితే పొట్టు ఊడుతుంది. ముక్కిన వాసన వస్తే మూట మొత్తం పారేయండి. కోళ్లకూ వేయొద్దు.

విత్తగా మిగిలిన గింజలు మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. విత్తనశుద్ధికి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పిట్టల ప్రాణం తీస్తాయి. కడిగితే పోతుందిలే అనుకోవద్దు. ఉప్పు పల్లీలు, మసాలా పల్లీలు, బండి మీద ఉప్పేసి ఉడకబెట్టినవీ వద్దు. అంత ఉప్పును చిన్న పిట్ట ఒళ్లు తట్టుకోలేదు. కొబ్బరి పెట్టాలనుంటే పచ్చి చిప్పను అలాగే కట్టండి. ఎండు కొబ్బరి పొడి కడుపులో ఉబ్బుతుంది.

గింజలను నూనె, ఉప్పు లేకుండా సన్నని సెగపై ఐదారు నిమిషాలు వేయించి, చల్లారాక రోట్లో నలగ్గొట్టండి. ముక్క పెసరగింజను మించకూడదు. పెద్ద పలుకును తల్లి గూటికి మోసుకెళ్లి పిల్ల నోట్లో పెడితే అది గొంతులో అడ్డం పడుతుంది. పిచ్చుకలు, గోరింకలు గూళ్లు కట్టుకునే రోజుల్లో గుండు గింజ అసలు బయట పెట్టొద్దు.

నేలమీద చల్లితే తడికి బూజు, రాత్రికి ఎలుకలు. పావు అంగుళం కన్నుల జీఐ మెష్‌ను (జింకు పూత వేసిన ఇనుప జాలీని) అడుగు పొడవు, పది అంగుళాల వెడల్పున కత్తిరించి చుడితే మూడంగుళాల గొట్టం అవుతుంది. ఇందులోకి మాత్రం ఏరిన గుండు గింజలే పోయాలి, నూక అయితే కారిపోతుంది. పిట్ట కన్నులోంచి పొడుచుకుని ముక్క ముక్కగా తింటుంది. తెగిన తీగ కొసల్ని లోపలికి వంచండి, లేకపోతే కాళ్లు కోసుకుంటాయి. అడుగున చిల్లులు పెట్టిన మూత, పైన వాన పడకుండా బోర్లించిన కొబ్బరి చిప్ప. పిల్లి పొంచే పొదకు ఆరడుగుల దూరంలో వేలాడదీయండి. గూళ్ల కాలంలో దీన్ని తీసేసి, నలగ్గొట్టిన నూకను పళ్లెంలో పెట్టండి.

పొద్దున ఒక గుప్పెడు, అంటే ముప్పై గ్రాములు చాలు. రెండు గంటల్లో ఖాళీ కాకపోతే మర్నాడు సగానికి తగ్గించండి. వానాకాలంలో మిగిలినదాన్ని సాయంత్రానికల్లా తీసేయండి. వారానికోసారి తొమ్మిది పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచ్ ద్రావణం కలిపి గొట్టాన్ని కడిగి, మంచినీళ్లతో తొలిచి, వాసన పోయేదాకా ఎండబెట్టాకే మళ్లీ నింపండి. ఈకలు ఉబ్బించుకుని తూగుతున్న పిట్ట కనబడితే మేత రెండు వారాలు ఆపేయండి. జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటేది ఇలా గుంపు చేరే చోటే.

కపిలతీర్థం, అలిపిరి వైపు కొండ వారన ఉన్న ఇళ్లవాళ్లు మాత్రం ఈ గొట్టం జోలికి పోవద్దు. కోతి ఒకసారి రుచి మరిగిందంటే గొట్టంతో ఆగదు, వంటింటి కిటికీ దాకా వస్తుంది. అక్కడ వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతున నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి వేసి పెట్టండి. మేలోని ఎండకు పిట్టలకు ఎలాగూ గింజకన్నా అదే ఎక్కువ అక్కర.